చెరువు పక్కనా, చెరువులోనా?

భూమి గురించి రాస్తున్న ఈ వరసలో ఈసారి నీళ్ల దగ్గర ఆగుతున్నాను. కారణం మా చెల్లె.

మొన్న శనివారం ఆమెతో కలిసి లాడ్ బజార్ పోయాను. చెల్లె ఇల్లు కొంటోంది. నగరానికి పడమట, ఔటర్ రింగు రోడ్డుకు ఇవతల, ఒక చెరువు ఒడ్డున లేస్తున్న అపార్ట్‌మెంట్లలో ఏడో అంతస్తు. ఇంకా శ్లాబు కూడా పడలేదు గానీ అమ్మ అప్పుడే గృహప్రవేశం దాకా వెళ్లిపోయింది. ఇంటికొచ్చిన ఆడబిడ్డలందరికీ లక్క గాజులు పెట్టాలట. మా వంశంలో రిజిస్ట్రేషన్ కాగితం మీద సంతకం పెట్టబోతున్న మొదటి మనిషి మా చెల్లె. అమ్మ తొందరను తప్పు పట్టలేం.

లాడ్ బజార్‌కు పోయినవాళ్లు చార్మినార్ వైపు ముఖం పెట్టిన దుకాణాలనే చూస్తారు. గాజు తయారయ్యేది అక్కడ కాదు, వెనక గల్లీల్లో, ఒంటి గదుల్లో. బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి, రంగు కలిపి, వత్తి, వంచి, అది వేడిగా ఉండగానే ఒక్కొక్క రాయి అద్దుతారు. వేళ్లు కాలకుండా ఈ పని నేర్చుకున్నవాళ్లు లేరు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ ట్యాగ్ వచ్చింది, పేపర్లలో ఫోటోలు పడ్డాయి. ఆ గాజు చేసేవాళ్లలో ఎంతమందికి సొంత ఇల్లు ఉందని ఏ పేపరూ అడగలేదు. లాడ్ అంటే లక్క అని కొందరంటారు, గారాబం అని కొందరంటారు. కుంపటి ముందు కూర్చున్నవాళ్లకు రెండో అర్థం పనికిరాదు.

అలాంటి ఒక గదిలో నాకు తెలిసిన చాచా ఒకాయన పని చేస్తాడు. 2020 అక్టోబర్ వరదల్లో మేం బియ్యం, దుప్పట్లు పంచడానికి హఫీజ్ బాబా నగర్ పోయినప్పుడు బురదలోంచి గాజులు ఏరుకుంటూ కనిపించాడు. అప్పటి నుంచీ పరిచయం. చెల్లెను చూసి సంతోషపడ్డాడు. ఇల్లు కొంటున్నానని చెబితే "ముబారక్ బేటీ, యాడ?" అన్నాడు. "చెరువు ఒడ్డున చాచా, కిటికీ తీస్తే నీళ్లే" అంది చెల్లె.

చాచా చేతిలో లక్క ఆగింది.

"చెర్వు పక్కన్నా, చెర్వులోన్నా?"

చెల్లె నవ్వింది. చాచా నవ్వలేదు. "మజాక్ కాదు బేటీ, చూసి కొను. మాకు గూడ పక్కన్నే అన్నరు" అన్నాడు.

చాచా ఇల్లు 60 గజాలు. గాజుల మీద పైసా పైసా కూడబెట్టి, నోటరీ కాగితం మీద కొన్నాడు. అమ్మిన మనిషి ఆ గల్లీలో అందరికీ తెలిసినవాడే. కరెంటు మీటరు వచ్చింది, నల్లా వచ్చింది, ఇంటి నంబరు వచ్చింది, ఓటరు చీటీ వచ్చింది. సర్కారు ఇన్ని ఇచ్చాక ఇది ఇల్లు కాదని ఎవరనుకుంటారు? 2020 అక్టోబర్ 17 రాత్రి పైనున్న బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. నాలుగు రోజుల ముందే, 13వ తేదీ రాత్రి, మైలార్‌దేవ్‌పల్లి వైపు పల్లె చెరువు తెగి అలీ నగర్‌లో ఒకే ఇంటి మనుషులు వరసగా కొట్టుకుపోయారు. చాచా ఇంట్లో ప్రాణం పోలేదు. చేసిపెట్టిన గాజులు, పిల్ల పెళ్లికి కొన్న బట్టలు, నోటరీ కాగితం పోయాయి. ఆ తర్వాత సర్కారు 10 వేలు ఇస్తానంది. చాచాకు అందాయో లేదో అడగొద్దు, అడిగితే కుంపటి ఊదుకుంటాడు.

ఒక మాట గమనించండి. చాచా ఇల్లు చెరువులో లేదు, చెరువు కింద ఉంది. అయినా మునిగింది ఆయనే. ఇది అర్థం కావాలంటే చెరువు ఎలా పని చేస్తుందో తెలియాలి. ఇప్పుడు ఇళ్లు కొంటున్న మన పిల్లలకు ఇది ఎవరూ చెప్పడం లేదు. నాకు మా తాత చెప్పాడు.

మా తాత నీరడి. తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్లకు వివరించక్కర్లేదు. తెలియని విద్యార్థుల కోసం చెబుతున్నాను. చెరువు తూము తియ్యడం, మూయడం, ఏ మడికి ఎంత నీళ్లు పోవాలో పంచడం, వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద పడుకుని ఎక్కడ చెమ్మ ఊరుతోందో చూడడం, ఎలుక బొరియ కనిపిస్తే పూడ్చడం నీరడి పని. చాలా ఊళ్లలో ఈ పని మాల కుటుంబాలది. ఊరి నీళ్లన్నీ మా తాత చేతి మీదుగా పారేవి. ఊరి బావిలో చేద వెయ్యడానికి మాత్రం ఆ చెయ్యి పనికొచ్చేది కాదు. ఆయకట్టు కింద మాకు గుంట భూమి లేదు. మా వాడ కట్ట కింద పల్లంలో ఉండేది. కట్ట తెగితే మొదట పోయేది కాపలా కాసినవాడి ఇల్లే. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ చాలా తెలివిగా చేశారు. నీరడి నిద్రపోకుండా ఉండటానికి అంతకంటే మంచి కారణం ఇంకేం కావాలి?

తాత భాషలో చెరువంటే నీళ్లు ఒక్కటే కాదు. కట్ట, తూము, అలుగు, శిఖం, వాగు అన్నీ కలిస్తే చెరువు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఎక్కడిదాకా పాకుతాయో అదంతా శిఖం. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే ఆ తడినేలలో పేదవాళ్లు దోసకాయో, పుచ్చకాయో, కాస్త జొన్నో వేసుకునేవాళ్లు. పట్టా ఉండదు, వానొస్తే వదిలెయ్యాలి. ఆ నేలకు నీళ్లే యజమాని అని అందరికీ తెలుసు. చెరువు నిండాక మిగిలిన నీళ్లు అలుగు దూకి కిందున్న చెరువులోకి పోతాయి. దాని అలుగు దూకి ఇంకో చెరువులోకి. గొలుసుకట్టు చెరువులు అనేది అందుకే. పై చెరువులో శిఖం పూడ్చి గోడ కడితే నీళ్లు మాయం కావు. పట్టే చోటు తగ్గి, కట్ట మీద బరువు పెరుగుతుంది. అలుగు పారే దారిలో ఇంకెవరో ఇల్లు కడితే అలుగు పారదు. అప్పుడు కట్ట తెగుతుంది. చెరువులోకి చొచ్చుకుపోయినవాడు ఎత్తైన పునాది మీద క్షేమంగా ఉంటాడు. ఐదు మైళ్ల కింద ఉన్న చాచా గాజులు కొట్టుకుపోతాయి.

ఇప్పుడు సర్కారు భాషలో శిఖానికి ఎఫ్‌టీఎల్ అని పేరు. చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం. దాని బయట బఫర్. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు. మా తాత కాలితో కొలిచింది ఇప్పుడు పటం మీద గీత. ఆ గీతలు గియ్యడం ఏళ్లూ పూళ్లూ సాగింది. చివరికి 2024లో హైకోర్టు గడువు పెట్టి చెప్పాల్సి వచ్చింది. గీత గీసేలోపు ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకున్నారు. మీరు పాతబస్తీలో నడుస్తుంటే పేర్లు చూడండి. తలాబ్ కట్టాలో కట్టా లేదు, తలాబూ లేదు. మీర్ జుమ్లా తలాబ్ మొత్తం ఇళ్ల కింద ఉంది. ఇవతల మాసాబ్ ట్యాంక్‌లో ట్యాంకు లేదు, ఫ్లైఓవర్ ఉంది. చెరువు పోయింది, చిరునామాలో పేరు మిగిలింది. కాబట్టి చెరువుల్లో కట్టడం నిన్న మొన్న పేదవాళ్లు మొదలుపెట్టిన రోగం అని ఎవరైనా చెబితే నమ్మకండి. నవాబుల కాలం నుంచీ సంపన్నులు, సర్కార్లు, సొసైటీలు అందరూ కలిసి చేసిన పని ఇది.

ఇక చెల్లె కొంటున్న చోటికి వద్దాం. కంపెనీ పేరు రాయను. పేరు మారిస్తే ఇంకో పదిమందికి సరిపోయే కథే.

మొదటిసారి చూడబోయినప్పుడు నేనూ వెంట పోయాను. ఏసీ గదిలో నమూనా బొమ్మ. బొమ్మలో చెరువు నీలంగా ఉంది. అసలు చెరువులో గుర్రపుడెక్క, అటువైపు మూల నుంచి మోరీ నీళ్లు. అమ్మే కుర్రాడు మర్యాదస్తుడు, అతని మీద నాకు కోపం లేదు. చెరువు వైపు ముఖమున్న ఫ్లాటుకు చదరపు అడుగుకు 300 ఎక్కువ అన్నాడు. 1,400 అడుగులకు లెక్కేసుకోండి. 4 లక్షల 20 వేలు. ఒట్టి చూపుకు. నీళ్లు చెరువువి, చెరువు ఊరిది, చూపు మాత్రం కంపెనీ అమ్ముతుంది. మా తాత జీవితమంతా ఆ నీళ్లనే చూశాడు. అప్పట్లో ధర తెలిసుంటే బాగుండేది.

చెరువు ఈశాన్యంలో ఉంది కాబట్టి వాస్తు అద్భుతం అని కూడా అన్నాడు. మా వాడకు చెరువు ఏ దిక్కున ఉందో ఎవరూ చూడలేదు, అటు నుంచి నీళ్లు వస్తాయా రావా అనేదే చూశారు.

తర్వాత ఫారం తీసి, "మేడం, ఫుల్ నేమ్?" అన్నాడు. చెల్లె చెప్పింది. "ఇంటి పేరు కాదు మేడం, వెనకాల ఏమైనా..." అని ఆగాడు. వెనకాల ఏమీ లేదు. మా పేర్ల వెనక రెడ్డీ లేదు, రావూ లేదు, శర్మా లేదు. "మన కమ్యూనిటీలో అందరూ మంచి ఫ్యామిలీస్ మేడం" అని సర్దుకున్నాడు. చెల్లె ముఖం నేను చూడలేదు, ఆమె కూడా నా ముఖం చూడలేదు. 31 ఏళ్ల పిల్ల. అద్దె ఇళ్ల కోసం ఈ నగరంలో ఎన్ని గడపలు ఎక్కి దిగిందో నాకు తెలుసు. ఒక ఇంటావిడ వంటింట్లో ఏం వండుతారని అడిగింది. ఇంకొకరు అడ్వాన్సు తీసుకుని, గోడ మీద అంబేద్కర్ ఫోటో పెట్టాక కొడుకు అమెరికా నుంచి వస్తున్నాడని ఖాళీ చేయించారు. ఆ కొడుకు ఇంకా విమానం ఎక్కలేదు. అందుకే ఆమెకు సొంత ఇల్లు కావాలి. నీళ్ల అందం కోసం కాదు, ఖాళీ చెయ్యమని చెప్పే మనిషి ఉండకూడదని. ఇరవై ఏళ్లు బ్యాంకుకు కట్టడానికి సిద్ధపడింది అందుకే.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. సుఖదేవ్ థోరాట్, ఆయన సహచరులు ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. ఒకే ఉద్యోగం, ఒకే జీతం చెప్పుకుని, దళిత పేరుతో, ముస్లిం పేరుతో, పై కులం పేరుతో అడిగి చూశారు. ఏమైందో మీరు ఊహించగలరు. ముస్లింల పరిస్థితి దళితుల కంటే ఘోరంగా తేలింది. కొనే విషయానికి వస్తే, 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాద్ పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో సభ్యత్వాన్ని తమ మతంవారికే పరిమితం చేసుకునే నిబంధనను సమర్థించింది. అలాంటి నిబంధన మన చెరువు ఒడ్డు కమ్యూనిటీలకు అక్కర్లేదు. ధరే సగం పని చేస్తుంది, "వెనకాల ఏమైనా" అన్న ప్రశ్న మిగతా సగం.

పల్లె వదిలి పట్నం పొమ్మని బాబాసాహెబ్ మనకు చెప్పాడు. వచ్చాం. పట్నం మధ్యలో మళ్లీ ఊరు కడుతున్నారు. గేటు, గేటు దగ్గర కాపలాదారు, పనిమనుషులకు వేరే లిఫ్టు, పార్కులో వాళ్లు కూర్చోకూడదని నోటీసు. కాపలాదారుడి కులం అడగండి, ఊడ్చే అక్క కులం అడగండి, చెత్త ఎత్తే తమ్ముడి కులం అడగండి. ఊళ్లో వాడ ఊరి బయట ఉండేది. ఇక్కడ వాడ ఉదయం ఆరుకు లోపలికొచ్చి సాయంత్రం ఆరుకు బయటికి పోతుంది. అంతే తేడా.

సరే, కొనాలా వద్దా? నా స్నేహితుల్లో ఒకరు, సీనియర్ కామ్రేడ్, "దళితులు గేటెడ్ కమ్యూనిటీ కలలు కనడమే తప్పు" అన్నారు. ఆయన సొంత ఇంట్లో కూర్చుని అన్నారు. నేను ఒప్పుకోను. మంచి ఇల్లు, మంచి గాలి, కిటికీలో నీళ్లు మా పిల్లలకెందుకు ఉండకూడదు? మహద్‌లో 1927 మార్చి 20న అంబేద్కర్ చవదార్ చెరువులో దోసిలి పట్టింది దాహం తీరడానికి ఒక్కటే కాదు. ఆ నీళ్లు అందరివీ అని లెక్క తేల్చడానికి. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది ఎక్కడ? మంచినీళ్ల చెరువు మెట్ల దగ్గర. తాగే నీళ్లను పాడుచెయ్యొద్దని మాదిగలు అడిగారు. మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మరుసటి రోజు, 17వ తేదీన, వాడ మీద పడి ఆరుగురిని చంపారు. నీళ్ల దగ్గర నిలబడే హక్కు కోసం మనవాళ్లు ఇచ్చిన ధర అది. ఆ చెరువు ఒడ్డున ఇల్లు కొనే హక్కు మా చెల్లెకు ఉంది. ఆ హక్కుతో ఆమె చాచాను ముంచకూడదు. నా తిప్పలంతా ఈ రెండు మాటల మధ్య.

ఎందుకంటే ఈ విషయంలో మన ఉద్యమాల్లోనూ ఒక తొందరపాటు ఉంది. 2024 జూలైలో హైడ్రా వచ్చింది. ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంటలో సినిమా హీరో నాగార్జున ఎన్ కన్వెన్షన్‌ను కూల్చారు. చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, దాచుకోను. తర్వాత సెప్టెంబర్ 8, ఆదివారం. సున్నం చెరువు దగ్గర షెడ్లు పోయాయి. అదే రోజు మల్లంపేటలో కత్వ చెరువు విల్లాలు కూల్చారు. సెప్టెంబర్ 22, మళ్లీ ఆదివారం. కూకట్‌పల్లి నల్లచెరువులో క్యాటరింగ్ చేసుకునేవాళ్ల షెడ్లు, గిన్నెలతో సహా. అమీన్‌పూర్‌లోనూ ఆ రోజే. కోర్టుకు సెలవున్న రోజున ఎందుకు కూల్చారని హైకోర్టు సెప్టెంబర్ 30న నిలదీసింది. తహశీల్దారు అడిగితే చార్మినార్‌ను కూడా కూలుస్తారా అని జడ్జి అడిగారు. ఈ మాట లాడ్ బజార్‌లో చాచాకు చెబితే మొదటిసారి నవ్వాడు. "వాళ్లకు దగ్గర మేం ఉన్నం కదా, చార్మినార్ దాంక ఎందుకొస్తరు" అన్నాడు.

ఇదే కాలంలో దుర్గం చెరువు చుట్టూ ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. అమర్ సొసైటీ, కావూరి హిల్స్, నెక్టార్స్ కాలనీ, డాక్టర్స్ కాలనీ. రెండు వందలకు పైగా కట్టడాలకు రెవెన్యూ అధికారులు వాల్టా చట్టం కింద నోటీసులిచ్చారు. అందులో ముఖ్యమంత్రి అన్నగారి ఇల్లు కూడా ఉంది. నోటీసులో 30 రోజుల గడువు. వాళ్లు కోర్టుకు పోయారు, కోర్టు వాళ్ల అభ్యంతరాలు వినమంది, కూల్చివేత ఆగింది. తప్పా? తప్పు కాదు. ఎవరి ఇంటికైనా అలాగే జరగాలి. నోటీసు, గడువు, వినడం. నా ప్రశ్న అంతా నల్లచెరువు షెడ్డుకు ఆ 30 రోజులు ఎందుకు లేవని. ఒకే ఎఫ్‌టీఎల్ గీత, ఒకవైపు కాగితం వెళ్లింది, ఇంకోవైపు జేసీబీ వెళ్లింది. మూసీ ఒడ్డున మూసానగర్, శంకర్ నగర్ గోడల మీద ఎర్ర రంగుతో అక్షరాలు రాసినప్పుడు కూడా ఇంటివాళ్లకు ముందు కనిపించింది రంగే, కాగితం కాదు.

అయితే ఇక్కడితో ఆగి "పేదల ఇళ్ల జోలికి రావద్దు" అని నినాదం ఇచ్చి ఇంటికి పోవడం సులువు. మనలో చాలామంది అక్కడే ఆగుతున్నారు. దానివల్ల లాభం ఎవరికో చూశారా? చెరువులో గజాలు అమ్ముకున్న నాయకుడికి. వాడు పేదవాళ్ల ఇళ్లను ముందు నిలబెట్టి, వెనక తన ప్లాట్లు కాపాడుకుంటాడు. చెరువు చచ్చిపోతే అపార్ట్‌మెంట్లకు ట్యాంకర్లు వస్తాయి, బస్తీకి వరద వస్తుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది చచ్చిపోయాకే కదా, ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో కట్టారు. ఆ రెంటినీ కాపాడటానికి 1996లో 84 ఊళ్లకు 111 జీవో పెట్టారు, 2022లో దాని ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చారు. ఆ ఎత్తివేతను మనలో ఎంతమంది దళిత సమస్యగా చూశారు? చెరువును కాపాడటం పర్యావరణవాదుల ఆదివారం వాకింగు అని మనం వదిలేశాం. కట్ట కింద ఉండేది మనమైనప్పుడు, చెరువు ఎవరి సమస్య?

కాబట్టి చెరువులోంచి కట్టడాలు తియ్యాల్సిందే. నేను వెనక్కి తగ్గను. కానీ పైనుంచి మొదలుపెట్టండి. శిఖంలో లేఅవుటు గీసినవాడు, దానికి అనుమతి ఇచ్చిన అధికారి, రిజిస్టర్ చేసిన సబ్ రిజిస్ట్రార్, లోను ఇచ్చిన బ్యాంకు, ఇంటి నంబరు వేసిన మున్సిపాలిటీ. వీళ్లెవరి గోడా పడదు. గొలుసు చివరన, అన్ని కాగితాలనూ నమ్మి కట్టినవాడి గోడ ఒక్కటే పడుతుంది. విల్లా కొన్న ఉద్యోగి కూడా ఆ గొలుసు చివరివాడే, ఆయన మీద కూడా నాకు జాలి ఉంది. కాకపోతే ఆయనకు వకీలు ఉన్నాడు. చాచాకు నోటరీ కాగితం ఉండేది, అదీ గుర్రం చెరువు తీసుకుపోయింది. తీసేసిన ప్రతి పేద ఇంటికీ పని చేసుకునే చోటికి దగ్గర్లో ఇల్లు ముందు చూపించాలి. ఊరి చివర డబుల్ బెడ్రూం తాళం చేతిలో పెడితే లక్క గాజులు చేసేవాడు బతకడు. లాడ్ బజార్ ఆయన వెంట రాదు కదా.

ఇంకో సంగతి. చెరువుల రక్షణ కమిటీల్లో అధికారులు, నిపుణులు కూర్చుంటారు. నీరడి ఎక్కడ? వీఆర్ఏలను, అంటే నీరడి, మస్కూరి, కావలికారు పని చేసిన కుటుంబాల పిల్లల్ని, 20 వేలకు పైగా మందిని 2023లో వేరే వేరే శాఖల్లో సర్దేశారు. ఉద్యోగం రావడం మంచిదే, దాని కోసం వాళ్లు కొట్లాడారు. వాళ్లతో పాటు చెరువు ఎక్కడిదాకా నిండేదో తెలిసిన జ్ఞాపకం కూడా ఎటో సర్దుకుపోయింది. ఉపగ్రహ చిత్రాలు తెచ్చి గీతలు గీస్తున్నారు, గియ్యండి. ఊళ్లో ఎనభై ఏళ్ల మాల ముసలాయన్ని ఒకసారి కట్ట మీద నడిపిస్తే తెలిసేదాన్ని కూడా రాసుకోండి. నీళ్లు, చెరువు వాడుకోకుండా దళితులను అడ్డుకోవడం 2015 సవరణ తర్వాత అట్రాసిటీ చట్టం 3(1) కింద నేరం. చెరువు చుట్టూ గోడ కట్టి గేటు పెట్టి, బర్రెలు తోలుకొచ్చే ఆమెను, వలేసే ముదిరాజును బయట నిలబెడితే, ఆమె దళితురాలైతే, ఆ సెక్షన్ ఎందుకు వాడకూడదు? లా చదివే పిల్లలు దీని మీద కూర్చోండి.

చాచా మాట చెల్లెను నిద్రపోనివ్వలేదు. ఆదివారం మళ్లీ సైటుకు పోయాం, ఈసారి అమ్మతో. హెచ్ఎండీఏ చెరువుల పటాల్లో ఆ చెరువును తీసి ఫోన్లో పెట్టుకున్నాం. ఇల్లు కొనేవాళ్లు ఈ పని తప్పకుండా చెయ్యండి. పటం ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా చూడండి. పాత పహాణీలో ఆ సర్వే నంబరు ఎదురుగా ఏం రాసుందో చూడండి. ఊరి నక్షాలో చెరువు గుర్తు ఎక్కడిదాకా ఉందో చూడండి. రెరా నంబరు ఉంది కదా అని నిమ్మళంగా ఉండకండి.

అమ్మే కుర్రాడిని అమ్మ ఒక్కటే అడిగింది. "బిడ్డా, తూము యాడున్నది?"

అతనికి అర్థం కాలేదు. "ట్యూబ్ లైటా ఆంటీ?" అన్నాడు. పాపం, అతని తప్పు కాదు. అమ్మ నీరడి కోడలు. తూము దొరికితే చెరువు ఒళ్లు మొత్తం దొరుకుతుంది ఆమెకు. కట్ట మైసమ్మ గుడి కనిపించింది, దానికి కొత్తగా టైల్స్ వేసి కంపెనీ పేరు రాశారు. మైసమ్మ ఉందంటే అది కట్టే. కట్ట వెంబడి నడిచింది. అలుగు రాళ్లు కొన్ని ప్రహరీ గోడలో కలిసిపోయి కనిపించాయి. తూము దగ్గరికి పోతే రేకులు అడ్డం పెట్టి ఉన్నాయి. అటువైపు బర్రెల్ని మేపుతున్న ఒక ముసలామెను అడిగితే, చేత్తో చూపించింది. రేకుల వెనక క్లబ్ హౌస్‌కు పునాది తవ్వుతున్నారు.

చెల్లె కట్ట మీదే కూర్చుండిపోయింది. బుకింగ్ డబ్బులు వెనక్కి అడిగితే అందులో కొంత కోసుకుంటామన్నారు. ఇంకా తేలలేదు. వద్దనుకుంటే మళ్లీ అద్దె ఇల్లు, మళ్లీ వంటింట్లో ఏం వండుతారనే ప్రశ్న. నేను ఆమెకు ఏమీ చెప్పలేదు, చెప్పే హక్కు నాకు లేదు. ఈఎంఐ కట్టేది ఆమె. గాజులకు ఇచ్చిన అడ్వాన్సు మాత్రం చాచా వెనక్కి ఇస్తానంటే తీసుకోలేదు. చేసిపెట్టమంది.

సోమవారం రెండు సమాచార హక్కు దరఖాస్తులు రాశాం. ఒకటి చెల్లె చూసిన చెరువుకు, ఇంకొకటి గుర్రం చెరువుకు. రెండింట్లోనూ ఒకటే అడిగాం. ఎఫ్‌టీఎల్ పటం ఇవ్వండి, ఆ గీత లోపల అనుమతులిచ్చిన ప్రతి కాగితం కాపీ ఇవ్వండి, కింద సంతకం పెట్టిన అధికారి పేరు, హోదా కనిపించేలా. ఒక్కోదానికి 10 రూపాయలు. గుర్రం చెరువు దరఖాస్తు మీద సంతకం చాచా ఉర్దూలో పెట్టాడు. వేళ్లకు ఎర్ర లక్క అంటుకుని ఉంది, కాగితం మీద మరక పడింది. వేరే కాగితం తీసుకుందామంటే, వద్దు, అట్లనే పంపు అన్నాడు.

జవాబుకు 30 రోజులు. వచ్చింది వచ్చినట్టు ఇక్కడ పెడతాను.

జై భీమ్.